కళింగపట్నం వెళ్తున్నారా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

శ్రీకాకుళం జిల్లా గార మండలంలో వంశధార సముద్రంలో కలిసే చోటు కళింగపట్నం. కూర్మనాథస్వామి గుడి ఉన్న శ్రీకూర్మం, పాత బౌద్ధారామం ఉన్న శాలిహుండం కూడా అదే మండలంలో ఉన్నాయి. ఈ తీరం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మంది అడిగిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: అమ్మానాన్నలకు డెబ్బై దాటాయి, పిల్లలిద్దరూ చిన్నవాళ్లు. శ్రీకాకుళంలో దిగి ఒక్క రోజులో అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం చూసి రాగలమా? (ఒక పాఠకురాలు, ఏలూరు)

జవాబు: చూసి రావచ్చు. దూరాలు పెద్దవేమీ కావు, చిక్కంతా వేళలతోనే. గుళ్లు మధ్యాహ్నం మూస్తారు, శాలిహుండం కొండ మీద ఎండ వేళ నిలబడలేరు, సముద్రం దగ్గర చీకటి పడ్డాక ఉండకూడదు. ఈ మూడూ గుర్తుంచుకుంటే ఏది ముందు, ఏది వెనక అన్నది దానంతటదే తేలిపోతుంది.

రైల్లో వచ్చేవాళ్లు దిగాల్సిన స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్. అది ఊళ్లో లేదు, ఆముదాలవలసలో ఉంది. అక్కడి నుంచి పట్నానికి 13 కిలోమీటర్లు. విశాఖపట్నం నుంచి కారులో వస్తే 16వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 110 కిలోమీటర్లు. పెద్దవాళ్లతో అయితే ముందురోజు రాత్రే శ్రీకాకుళం చేరి పడుకోవడం మంచిది.

ఉదయం 6 గంటలకల్లా అరసవల్లిలో ఉండండి. పట్నం పక్కనే. దర్శనం చేసుకుని ఫలహారం ముగించి, ఎనిమిదిన్నరకు శ్రీకూర్మం బయల్దేరండి. సుమారు 15 కిలోమీటర్లు. అక్కడ తీరిగ్గా రెండు గంటలు గడిపి పదకొండున్నరకు బయటపడితే తలుపులు వేసే హడావుడి తగలదు. వేళలు పండగలకూ సేవలకూ మారుతుంటాయి, కాబట్టి ముందురోజు దేవస్థానం కార్యాలయానికి ఫోన్ చేసి ఖాయం చేసుకోండి. మధ్యాహ్నం పట్నానికి తిరిగొచ్చి భోంచేసి, పెద్దవాళ్లను ఓ గంట నడుం వాల్చనివ్వండి. రెండున్నర, మూడు మధ్య శాలిహుండం, నాలుగున్నరకు కళింగపట్నం.

చలికాలంలో వెళ్తే మధ్యాహ్నపు కార్యక్రమం మొత్తం అరగంట ముందుకు జరపండి. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం 5:20కే పొద్దు గుంకుతుంది. జూన్‌లో అయితే ఆరున్నర దాకా వెలుగుంటుంది.

ఎక్కువ మంది చేసే పొరపాటు ఒకటుంది. పిల్లలు గొడవ చేస్తున్నారని పొద్దున్నే ముందు బీచ్‌కి వెళ్తారు. ఇసుకలో ఆడి, తడిబట్టలు మార్చుకుని, ఆకలేసి ఏదో తిని గుడికి చేరేసరికి పన్నెండు దాటుతుంది. అప్పటికి తలుపులు మూసి ఉంటాయి. సూర్యోదయం చూడాలనే పట్టుదల ఉంటే దానికి రెండో రోజు కేటాయించండి. సముద్రం మనకు తూర్పున ఉంది కాబట్టి పొద్దు నీళ్లలోంచి పొడుస్తుంది కానీ నీళ్లలో గుంకదు. సాయంత్రం ఎరుపంతా వెనక, నది వైపు ఉంటుంది. పున్నమి నాడైతే ఆ వేళకే చంద్రుడు సముద్రంలోంచి లేస్తాడు. అంతకు మించిన దృశ్యం ఈ తీరంలో లేదు.

ఆదివారం సూర్యుడి వారం కాబట్టి అరసవల్లిలో రద్దీ ఎక్కువ. మాఘమాసపు ఆదివారాలూ, రథసప్తమీ అయితే చెప్పక్కర్లేదు. పెద్దవాళ్లు క్యూలో నిలబడలేరనుకుంటే వారం మధ్యలో వెళ్లండి.

ప్రశ్న: శ్రీముఖలింగం కూడా అదే రోజు కలపవచ్చా? (ఒక పాఠకుడు, తణుకు)

జవాబు: వద్దు. అది శ్రీకాకుళానికి 45 కిలోమీటర్ల పైచిలుకు, పైగా సముద్రానికి ఎదురు దిశలో ఉంది. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయాలు మూడింటినీ చూడటానికి సగం రోజైనా పడుతుంది. కానీ రెండు రోజులుంటే మాత్రం తప్పకుండా వెళ్లండి. తూర్పు గాంగుల తొలి రాజధాని కళింగనగరం అదేనని చరిత్రకారులు చెప్తారు. వంశధార ఒడ్డున పైన రాజధాని, దిగువన శాలిహుండం బౌద్ధారామం, నది కడలిలో కలిసే చోట రేవు. ఈ మూడూ ఒకే నీటి దారి మీద ఉన్నాయని తెలిసి చూస్తే కళింగపట్నం ఇసుకలో నిలబడి చూసే చూపే మారుతుంది.

ప్రశ్న: మా అబ్బాయిలకు ఈత వచ్చు. కళింగపట్నంలో సముద్ర స్నానం ప్రమాదమని కొందరంటున్నారు. నిజమేనా? ఎక్కడ దిగాలి? (ఒక పాఠకుడు, విజయనగరం)

జవాబు: నిజమే. చెరువులో, బావిలో నేర్చిన ఈత సముద్రానికి సరిపోదు. ఇక్కడ నది మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు, కూడా ఉంది కాబట్టి రెండు రకాల ప్రమాదాలు తెలుసుకోవాలి.

మొదటిది మొగ దగ్గరిది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నీరు నదిలోకి ఎక్కుతుంది. పాటు, అంటే నీరు వెనక్కి తగ్గడం, మొదలయ్యాక ఆ నీరూ నది నీరూ కలిసి ఇరుకు దారిలోంచి ఒక్కసారిగా బయటికి పోతాయి. పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది, లోపల లాగేస్తుంది. నదికీ సముద్రానికీ మధ్య ఉండే ఇసుక దిబ్బ అంచులు కూడా గట్టివి కావు. నీరు అడుగు నుంచి కోసేయడంతో నిలబడ్డ చోటే విరిగి పడతాయి. నీరు తగ్గినప్పుడు దిబ్బ చివరి దాకా నడిచి వెళ్లినవాళ్లకు పోటు మొదలయ్యాక వెనక్కి దారి ఉండదు. జులై నుంచి అక్టోబరు దాకా వంశధారకు వరదలు. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ నుంచి నీరు వదిలితే మొగ దగ్గర ఉరవడి ఇంకా పెరుగుతుంది. మొగ దరిదాపుల్లో ఏ కాలంలోనూ, ఎంత ఈత వచ్చినా నీళ్లలో దిగకండి. చూడటానికి వెళ్లినా తడి ఇసుక అంచు నుంచి పది అడుగులు వెనకే ఉండండి.

రెండోది బీచ్ పొడవునా ఎక్కడైనా ఏర్పడే రిప్ కరెంట్. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు తిరిగి వెళ్లాలి కదా. అడుగున ఉన్న ఇసుక గట్టులో ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి ఆ నీరంతా కాలువలా లోపలికి పోతుంది. మనిషి దాన్ని సురక్షితమైన చోటనుకుంటాడు. ఎందుకంటే అటూ ఇటూ అలలు విరిగి తెల్లని నురగ ఉంటుంది, మధ్యలో ఆ మేర మాత్రం నీరు నున్నగా, కాస్త ముదురు రంగులో ఉంటుంది. ‘ఇక్కడ అలలు లేవు, ఇక్కడ దిగుదాం’ అనిపించే చోటే దిగకూడని చోటు. దిగే ముందు ఒడ్డున ఎత్తు మీద నిలబడి పది నిమిషాలు చూడండి. నురగ, చెత్త, బురద నీరు ఒడ్డు నుంచి లోపలికి పోతున్న చోటు కనిపిస్తే అదే.

చిక్కుకుంటే ఒడ్డుకేసి ఈదకండి. ఆ ప్రవాహం వేగం పోటీల్లో ఈదేవాళ్లను కూడా మించగలదు. ఎదురీది అలసిపోయే చాలామంది ప్రాణాలు పోగొట్టుకుంటారు. అది కిందికి ముంచదు, దూరంగా లాక్కెళ్తుంది, అంతే. వెల్లకిలా తేలండి, చెయ్యెత్తి పిలవండి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరుగుతున్న చోటికి చేరాక వాటితో పాటు ఏటవాలుగా ఒడ్డుకు రండి.

ఒడ్డున ఉన్నవాళ్లు కాపాడాలని వెంటనే దూకకూడదు. ఒకరి కోసం ఇద్దరు ముగ్గురు పోయేది ఇలాగే. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్ మనిషిని తేలుస్తుంది. 5 లీటర్లదైనా పట్టుకుని ఊపిరి తీసుకోవచ్చు, 20 లీటర్లదైతే ఇంకా మేలు. దానికి 15, 20 మీటర్ల నైలాన్ తాడు కట్టి కారులో పెట్టుకెళ్లండి. సాయానికి 112, అంబులెన్స్‌కు 108, సముద్రంలో ఆపదకు కోస్ట్‌గార్డ్ 1554.

బయటికి తెచ్చిన మనిషి ఊపిరి తీసుకోకపోతే కడుపు నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా తిప్పడం అసలు చేయకండి. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందు ఐదుసార్లు ఊపిరి ఊదండి. ఆ తర్వాత ఛాతీ మధ్యలో 30 నొక్కులు, 2 ఊపిర్లు. సాయం వచ్చేదాకా ఆపకండి. తేరుకుని మాట్లాడుతున్నా సరే, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీటి ప్రభావం కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు.

ఇక మామూలుగా కాళ్లు తడుపుకునేవాళ్లకు. మత్స్యకారులను అడగండి. ‘ఇక్కడ దిగొద్దు’ అంటే మారుమాట లేకుండా ఇవతలికి రండి. మోకాలి లోతు దాటకండి. అల వెనక్కి పోతున్నప్పుడు మడమల కింది ఇసుక సర్రున జారి కాలు రెండంగుళాలు కుంగుతుంది, సరిగ్గా అప్పుడే తర్వాతి అల మోకాళ్లను కొడుతుంది. పడేది ఆ క్షణంలోనే. అలకు వీపు తిప్పకండి, పక్కకు తిరిగి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడండి. పిల్లలను వేళ్లు కాదు, మణికట్టు పట్టుకోండి, తడి వేళ్లు జారిపోతాయి. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుని లేవనివ్వదు, సల్వారో పొట్టి ప్యాంటో మేలు.

ప్రశ్న: కార్తీక పున్నమికి సముద్ర స్నానం చేయాలని అత్తయ్యగారి కోరిక. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? (ఒక పాఠకురాలు, పాలకొండ)

జవాబు: పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని ముట్టుకోకూడదని పెద్దలు చెప్పే మాట. కాబట్టి కార్తీక, మాఘ పున్నములకు జనం బాగా వస్తారు. అయితే పున్నమికీ అమావాస్యకూ సూర్యచంద్రుల ఆకర్షణ కలిసి పనిచేయడంతో పోటు మామూలు రోజులకన్నా పైకెక్కుతుంది, పాటు ఇంకా కిందికి దిగుతుంది. అంటే నీరు ఎక్కువ దూరం, ఎక్కువ వేగంతో కదిలే రోజు అదే. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటు నుంచి పాటుకు ఆరు గంటల పైన పడుతుంది, మర్నాడు అదే పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ముందురోజు చూసిన వేళకు ఈ 50 నిమిషాలు కలుపుకుంటే మీ లెక్క మీకే తెలుస్తుంది.

పెద్దావిడ కాబట్టి నీళ్లలోకి దింపొద్దు. చెంబో చిన్న బకెట్టో తీసుకెళ్లి, అల ముగిసే తడి ఇసుక మీద ప్లాస్టిక్ కుర్చీలోనో పీట మీదో కూర్చోబెట్టి తలమీద పోయండి. సంకల్పం చెప్పుకోవడానికి మునగాల్సిన పనిలేదు. చీకట్లో వద్దు, తెల్లగా తెల్లవారాక చేయించండి. మంచినీళ్లు రెండు క్యాన్లు విడిగా తీసుకెళ్లండి, ఉప్పునీళ్లు ఒంటిమీదే ఆరితే దురద పెడుతుంది. దీపాలు అరటి దొప్పల్లోనే వదలండి. థర్మాకోల్ పళ్లేలు, పసుపు కుంకాల ప్లాస్టిక్ పొట్లాలు, విడిచిన బట్టలు ఒడ్డునో నీళ్లలోనో వదిలేసి రాకండి. అవి తర్వాత వలల్లో చిక్కుతాయి. పుణ్యం కోసం వచ్చినవాళ్ల చెత్తను వలలోంచి విడదీసుకునే పని మత్స్యకారులకు మిగల్చడం చాలా అన్యాయం.

కార్తీకం తుపానుల కాలం. బయల్దేరే ముందు వాతావరణ వార్త చూడండి. కళింగపట్నం రేవులో ఎగరేసే హెచ్చరిక నంబరు 1, 2 అయితే సముద్రంలో ఎక్కడో దూరంగా వాయుగుండమో తుపానో ఉందని, 3, 4 అయితే రేవు దగ్గరే గాలీ వానా ఉండొచ్చని, 5 నుంచి ప్రమాదమని, 8 నుంచి 10 దాకా మహా ప్రమాదమని అర్థం. ఒకటో నంబరు ఎగరేశారని తెలిసినా సముద్ర స్నానం మానుకోండి, దూరపు తుపాను పంపే పెద్ద అలలు ఎండ కాస్తున్న రోజునే ఒడ్డుకు చేరతాయి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను తీరం దాటింది ఈ కళింగపట్నానికి దగ్గర్లోనే.

ప్రశ్న: అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకేది ఏడాదికి రెండుసార్లేనా? ఎందుకలా? (ఒక విద్యార్థి, బొబ్బిలి)

జవాబు: మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదటి వారంలో కొద్ది రోజుల పాటు. ఆ తేదీలకు లెక్క ఉంది. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి 20, 21 తేదీలకు పదిరోజుల ముందూ, సెప్టెంబరు 22, 23 తేదీలకు పదిరోజుల తర్వాతా సూర్యుడు దిగంతంలో దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు, నేరు తూర్పుకు కాస్త దక్షిణంగా. గోపురం, ద్వారాలు, గర్భగుడి ఆ గీతకు సరిపోయేలా ఉన్నాయి కాబట్టి కిరణం సూటిగా లోపలికి వస్తుంది. తూర్పున మబ్బుంటే కనిపించదు, కనిపించినా నిమిషాల వ్యవహారం. క్యూలో వెనకున్నవాళ్లకు అది దక్కడం కష్టం, ఆ ఒక్కదానికోసమే దూరం నుంచి రావాలనుకునేవాళ్లు రెండు మూడు రోజులు చేతిలో పెట్టుకుని రండి.

ప్రశ్న: శ్రీకూర్మంలో హడావుడిగా దర్శనం చేసుకుని వచ్చేశాం. ఈసారి వెళ్తే ఏం గమనించాలి? అక్కడి తాబేళ్లను పిల్లలు పట్టుకోవచ్చా? (ఒక పాఠకురాలు, గాజువాక)

జవాబు: ముందు ధ్వజస్తంభాలు చూడండి. తూర్పున ఒకటి, పడమర ఒకటి. కూర్మనాథస్వామి పడమటి ముఖంగా ఉండటమే దానికి కారణంగా చెప్తారు. ఎదురుగా శ్వేత పుష్కరిణి. పితృకార్యాలకు ఈ క్షేత్రం పేరుపొందింది కాబట్టి పొద్దున పూట పుష్కరిణి దగ్గర పిండప్రదానాలు చేయించుకునే కుటుంబాలు కనిపిస్తాయి. వాళ్లను ఫొటోలు తీయకండి.

తర్వాత ప్రదక్షిణ మండపం. చాలామంది గబగబా నడిచి వెళ్లిపోయే చోటు అదే, ఎక్కువసేపు ఆగాల్సిన చోటూ అదే. స్తంభాల మీద శాసనాలు, గోడల మీద సహజ రంగులతో వేసిన పాత చిత్రాలు ఉంటాయి. మధ్వ సంప్రదాయ యతి, గాంగుల కాలంలో ఈ ప్రాంతాన్ని పాలించిన నరహరి తీర్థులు ఇక్కడ యోగానంద నరసింహుడికి గుడి కట్టించిన సంగతి 1281 నాటి శాసనంలో ఉంది. అక్షరాల మీద పసుపు, విభూతి రుద్దకండి. బొమ్మలను వేలితో తడమకండి, వేళ్ల చెమటా నూనే అంటుకుని అక్కడ రంగు ముందు నల్లబడుతుంది, తర్వాత పెళ్లలుగా లేస్తుంది. ఫొటోలకు అనుమతి ఉందో లేదో లోపల అడిగి తెలుసుకోండి.

తాబేళ్లను పట్టుకోకూడదు. అవి నక్షత్ర తాబేళ్లు, డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా పరుచుకుని ఉంటాయి. వన్యప్రాణి రక్షణ చట్టం వాటికి వర్తిస్తుంది, ఇంటికి తెచ్చుకుంటే నేరం. ఆకుకూరలే వాటి తిండి. ప్రసాదం, బిస్కెట్లు, అన్నం వేస్తే జబ్బు చేస్తుంది. భక్తితో నీళ్లలో వదిలేవాళ్లూ ఉన్నారు, ఇవి నేల మీది తాబేళ్లు, ఈదలేక చచ్చిపోతాయి.

ప్రశ్న: శాలిహుండంలో ఇటుక దిబ్బలు తప్ప ఏమీ లేవంటారు. వెళ్లడం దండగా? (ఒక పాఠకుడు, టెక్కలి)

జవాబు: దండగ కాదు. వంశధార దక్షిణపు గట్టున కొండ మీద స్తూపాలు, చైత్యాలు, విహారాల పునాదులు మెట్లు మెట్లుగా ఉంటాయి. 1919లో దీన్ని గుర్తించి లోకానికి చెప్పింది గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం పోరాడిన ఆయనే. శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్న మనిషి. తవ్వకాల్లో ధాతువులు, అంటే అస్థి అవశేషాలు, ఉంచిన రాతి కరండాలు (భరిణెలు), స్ఫటిక పేటికలు, బ్రాహ్మీ అక్షరాలున్న కుండ పెంకులు, తార, మారీచి వంటి వజ్రయాన దేవతల విగ్రహాలు దొరికాయి. అంటే తొలినాటి బౌద్ధం నుంచి చివరి దశ దాకా వెయ్యేళ్లకు పైగా ఇక్కడ భిక్షువులున్నారు. శాల్యపేటిక, అంటే ధాతువుల పెట్టె, అన్న మాట నుంచి ఊరి పేరు వచ్చిందని ఒక వివరణ.

ముందు కొండ పైదాకా ఎక్కి నదిని చూడండి, తర్వాత దిగుతూ కట్టడాలు చూడండి. అప్పుడు ఓడ దిగిన సరుకూ, యాత్రికులూ ఈ నదిలోంచే వచ్చేవారని కళ్లకు కడుతుంది. నీడ తక్కువ, మనిషికి లీటరు నీళ్లు, గొడుగు, పట్టున్న చెప్పులు ఉండాలి. పునాదుల మీదెక్కి నడవొద్దు, పిల్లలు ఇటుక ముక్కలు జేబులో వేసుకోకుండా చూడండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను కింద నీడలో కూర్చోబెట్టడమే మంచిది.

ప్రశ్న: ఫిబ్రవరిలో బీచ్‌లో పెద్ద తాబేలు చచ్చి పడి ఉంది. ఎందుకలా? ఎవరికి చెప్పాలి? (ఒక పాఠకుడు, నరసన్నపేట)

జవాబు: అది ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు అయి ఉంటుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆడ తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుకలో గొయ్యి తీసి సుమారు వంద గుడ్లు పెడతాయి. ఈ తాబేళ్లు ఊపిరి కోసం నీటి పైకి రావాలి. ట్రాలర్ వలల్లో చిక్కి పైకి రాలేక చనిపోయినవే ఎక్కువగా ఇలా కొట్టుకొస్తాయి. ముట్టుకోకుండా అటవీశాఖవారికి చెప్పండి. ఆ నెలల్లో రాత్రి టార్చిలు, కారు లైట్లు ఒడ్డువైపు వేయకండి. గుడ్లు 45 నుంచి 60 రోజుల్లో పొదుగుతాయి, పిల్లలు వెలుతురు ఉన్న వైపే నడుస్తాయి. సముద్రం మీది మసక వెలుగు చూసి పోవాల్సినవి లైట్లు చూసి రోడ్డెక్కుతాయి. కూర్మనాథుణ్ణి కొలిచి వచ్చినవాళ్లు ఈ ఒక్క జాగ్రత్త తప్పకుండా తీసుకోవాలి.

ప్రశ్న: కారు ఇసుకలో దిగబడితే? (ఒక పాఠకుడు, పలాస)

జవాబు: ఇసుక మీదికి తేకుండా రోడ్డు మీదే ఆపండి. దిగబడితే మాత్రం యాక్సిలరేటర్ తొక్కకండి, తొక్కిన కొద్దీ చక్రం గొయ్యి తీసుకుని అడుగు భాగం ఇసుకకు ఆనుతుంది. అందరినీ దింపి, చక్రాల ముందూ వెనకా ఇసుక చేత్తో తోడేయండి. టైర్లలో గాలి 18, 20 పీఎస్ఐ దాకా తగ్గిస్తే అవి వెడల్పై పట్టు దొరుకుతుంది. ఇంజను తోలే చక్రాల కింద రబ్బరు మ్యాట్లు తిరగేసి పెట్టి, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి తీయండి. మ్యాట్లు ఎగిరొచ్చి కొట్టొచ్చు, మనుషులు చక్రాలకు ఎదురుగా నిలబడకూడదు. రోడ్డెక్కాక మెల్లగా నడిపి, దగ్గర్లోని బంకులో గాలి కొట్టించండి. మర్నాడు కారు అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడిగించండి, ఉప్పు తుప్పు మొదలయ్యేది అక్కడే.